పేరున్న ఖైదీ: యుద్ధంలో చిక్కిన ప్రముఖులకు చట్టం ఏమిస్తుంది, ఎక్కడ పట్టు తప్పుతుంది

(చెన్నై టి.నగర్‌లో తెలుగు న్యాయవిద్యార్థులు, పాత్రికేయులు కలిసి జరుపుకున్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

యుద్ధఖైదీల గురించి మాట్లాడేది 1949 నాటి మూడో జెనీవా ఒప్పందం. అందులో 143 అధికరణలున్నాయి. ఖైదీకి ఉన్న పేరుప్రఖ్యాతులను బట్టి హక్కులు పెంచే అధికరణ గానీ తగ్గించే అధికరణ గానీ వాటిలో ఒక్కటీ లేదు. 16వ అధికరణ అందరినీ ఒకేలా చూడమంటుంది. తేడా చూపాల్సి వస్తే ర్యాంకు, స్త్రీపురుష భేదం, ఆరోగ్యం, వయసు, వృత్తి నైపుణ్యం, వీటిని బట్టే చూపాలి. కాగితం మీద పరిస్థితి ఇది. ఆచరణలో మాత్రం పేరున్నవాడు చిక్కినప్పుడే చట్టం ఎక్కువగా దారి తప్పుతుంది. పట్టుకున్న ప్రభుత్వానికి అతన్ని లోకానికి చూపించాలని ఉంటుంది. నిఘావాళ్లకు అతని నోరు తెరిపించాలని ఉంటుంది. గెలిచిన పక్షం ప్రజలు శిక్ష ఎప్పుడని అడుగుతుంటారు. అతనికి బదులు ఎవరిని విడిపించుకోవచ్చో దౌత్యవేత్తలు లెక్కలు వేస్తుంటారు. మామూలు సిపాయికి ఈ ఒత్తిళ్లలో ఒక్కటీ ఉండదు. అందుకే ఈ రోజు పెద్ద పేర్లనే పట్టుకుని మాట్లాడతాను.

చట్టం రాకముందు ఎలా ఉండేదో చూడాలంటే మనం దూరం పోనక్కర్లేదు, వేలూరు కోట చాలు. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక టిప్పు కుటుంబాన్ని ఈస్టిండియా కంపెనీ అక్కడే ఉంచింది. 1815లో పదవి పోయిన, శ్రీలంకలోని కండి చివరి రాజు శ్రీ విక్రమ రాజసింహుడిని కూడా అక్కడికే తెచ్చారు. ఆయనది తెలుగు మూలాలున్న నాయకర్ వంశం. 1832లో చనిపోయేదాకా వేలూరే ఆయనకు ఇల్లూ, జైలూ. వీళ్లకు భత్యాలు ఇచ్చారు, నౌకర్లను ఉండనిచ్చారు. అయితే అదంతా కంపెనీ దయ. 1806లో వేలూరులో సిపాయిల తిరుగుబాటు జరగ్గానే టిప్పు కొడుకుల్ని కలకత్తాకు తరలించారు. అభియోగపత్రం లేదు, విచారణ లేదు, వద్దని చెప్పుకోవడానికి ఒక వేదికా లేదు.

ఇంకో వందేళ్లు ముందుకు రండి. 1914 సెప్టెంబరు 22 రాత్రి మద్రాసు మీద గుండ్లు కురిపించి చమురు ట్యాంకులు తగలబెట్టిన జర్మన్ నౌక ఎమ్డెన్ గురించి ఈ ఊళ్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆ నవంబరులో కోకోస్ దీవుల దగ్గర దాని కెప్టెన్ కార్ల్ ఫాన్ ముల్లర్ చిక్కినప్పుడు, ఆయనా ఆయన అధికారులూ కత్తులు తమ దగ్గరే ఉంచుకోవడానికి బ్రిటిష్ నౌకాదళం ఒప్పుకుంది. శౌర్యానికి ఇచ్చిన గౌరవం అది. బాగానే ఉంది గానీ, ఇష్టంగా ఇచ్చినదాన్ని ఇష్టం మారితే తీసేసుకోవచ్చు కదా. 1929లోనూ 1949లోనూ దేశాలు కూర్చుని ఒప్పందాలు రాసుకున్నది ఆ ఇష్టాన్ని బాధ్యతగా మార్చడానికే. అన్నట్టు ముల్లర్ 1917లో ఇంగ్లండులోని శిబిరం నుంచి మరో ఇరవై మందిని వెంటేసుకుని తప్పించుకుని మళ్లీ దొరికిపోయాడు. ఇవాళ్టి చట్టం ప్రకారం తప్పించుకోబోవడం నేరం కాదు. 92వ అధికరణ కింద దానికి క్రమశిక్షణ చర్య మాత్రమే ఉంటుంది, అదీ ముప్పై రోజులకు మించకూడదు. పారిపోతూ కాపలావాడిని గాయపరిస్తే అది వేరే లెక్క.

అసలు విషయానికొస్తే, ప్రముఖుడు చిక్కగానే మొదట తేలాల్సింది అతను ఏ కోవలోకి వస్తాడన్నది. ఇక్కడ తప్పితే తర్వాత ఎంత జాగ్రత్తపడ్డా లాభం లేదు. సాయుధ దళాల్లో సభ్యుడైతే, సేనానిగా ఉన్న దేశాధినేత అయినా సరే, అతను యుద్ధఖైదీ. యూనిఫాంతో సంబంధం లేని మంత్రి, పార్టీ నాయకుడు, వ్యాపారవేత్త పౌరుల కిందికి వస్తారు. వాళ్లకు వర్తించేది నాలుగో ఒప్పందం. శత్రుదేశపు పౌరుడన్న ఒక్క కారణంతో లోపల వేయకూడదు. భద్రతకు తప్పనిసరి అయితేనే నిర్బంధించాలి, ఏడాదికి కనీసం రెండుసార్లు ఆ నిర్ణయాన్ని సమీక్షించాలి. మారువేషంలో గూఢచర్యం చేస్తూ దొరికినవాడికి యుద్ధఖైదీ హోదా దక్కదు. అయినా విచారణ జరపకుండా శిక్షించడానికి లేదు.

మన రాజ్యాంగం 53వ అధికరణ రక్షణ దళాల అత్యున్నత ఆధిపత్యాన్ని రాష్ట్రపతికి ఇస్తుంది. అంతమాత్రాన రాష్ట్రపతి సైన్యంలో సభ్యులైపోతారా? నా ఉద్దేశంలో కారు. లాంఛనమైన ఆధిపత్యం వేరు, సైన్యం రోల్స్‌లో ర్యాంకుతో ఉండటం వేరు. అమెరికా పట్టుకున్న పనామా జనరల్ మాన్యుయెల్ నోరియెగా విషయంలో ఈ గొడవ రాలేదు. పనామా రక్షణ దళాలకు ఆయనే అధిపతి, యూనిఫాం వేసుకునే మనిషి. సద్దాం హుసేన్‌ను 2003 డిసెంబరు 13న పట్టుకున్న అమెరికా, ఆయన్ని యుద్ధఖైదీగా పరిగణిస్తున్నట్టు 2004 జనవరిలో చెప్పింది.

అనుమానం ఉంటే ఏం చేయాలో మూడో ఒప్పందం 5వ అధికరణ చెబుతుంది. అధికారం ఉన్న ట్రిబ్యునల్ తేల్చేదాకా అతన్ని యుద్ధఖైదీగానే చూడాలి. ఇదేదో పెద్ద కోర్టు అనుకోకండి. అమెరికా సైన్యం నిబంధనల్లో దీనికి ముగ్గురు అధికారులు చాలు, వాళ్లలో ఒకరు మేజరు స్థాయికి తగ్గకూడదు. ఖైదీ వచ్చి తన మాట చెప్పుకోవచ్చు, అందుబాటులో ఉన్న సాక్షుల్ని పిలవమనవచ్చు. ఏ పక్షం సాక్ష్యం మొగ్గు చూపితే అటే నిర్ణయం. ఒక్కో మనిషికి పట్టే సమయం చాలా తక్కువ. 1991 గల్ఫ్ యుద్ధంలో ఇలాంటివి వెయ్యికి పైగా జరిపారు. అదే అమెరికా 2002 ఫిబ్రవరి 7న తాలిబన్ ఖైదీల్లో ఎవరికీ యుద్ధఖైదీ హోదా లేదని మూకుమ్మడిగా తేల్చేసింది, ఎవరినీ విడిగా విచారించలేదు. అక్కడ మొదలైన చిక్కు ముడి మీద ముడి పడుతూ 2006 జూన్‌లో హమ్దాన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు దాకా వెళ్లింది. నాలుగు ఒప్పందాలకూ ఉమ్మడిగా ఉన్న 3వ అధికరణ వీళ్లకూ వర్తిస్తుందని, ప్రభుత్వం ఏర్పాటు చేసిన సైనిక కమిషన్లు చెల్లవని కోర్టు చెప్పింది. ఆ హమ్దాన్ ఎవరయ్యా అంటే బిన్ లాడెన్‌కు కారు నడిపినవాడు. ముగ్గురు అధికారులు ఒక పూటలో చూడాల్సిన పనికి నాలుగేళ్ల న్యాయపోరాటం నడిచింది.

హోదా ఖాయమైతే ర్యాంకు పనిచేయడం మొదలవుతుంది. నోరియెగా కేసులో మయామీ జడ్జి విలియం హోవెలర్ 1992 డిసెంబరులో ఇచ్చిన తీర్పు చదవదగ్గది. మాదకద్రవ్యాల కేసులో శిక్ష పడినా ఆయన యుద్ధఖైదీయేనని జడ్జి అన్నారు. నేరగాడిగా రుజువైనంత మాత్రాన ఒప్పందం రక్షణ తొలగిపోదని 85వ అధికరణ స్పష్టంగా చెబుతుంది. దాంతో నోరియెగాకు యూనిఫాం, ర్యాంకు గుర్తులు ధరించే హక్కు నిలిచింది, రెడ్‌క్రాస్ వాళ్లు వచ్చి చూసే హక్కు నిలిచింది. అధికారి కనుక పని చేయమని బలవంతం చేయడానికి లేదు. జీతంలో అడ్వాన్సు కూడా ఉంటుంది. 60వ అధికరణ ప్రకారం సిపాయికి నెలకు 8 స్విస్ ఫ్రాంకులు, సార్జెంటుకు 12, కెప్టెన్ దాకా 50, కల్నల్ దాకా 60, జనరల్‌కు 75. దేశాలు మాట్లాడుకుని మార్చుకోవచ్చన్నారు గానీ, 1949లో రాసిన అంకెలు ఒప్పందంలో అలాగే ఉన్నాయి. ఈ వీధి చివర కొట్లో మంచి పట్టుచీర కొనాలన్నా జనరల్‌గారి ఒక నెల జీతం చాలదు. సలాం విషయంలో కూడా నియమం ఉంది. ఖైదీ అయిన అధికారి ఎదుటి పక్షంలో తనకన్నా పై ర్యాంకు వాళ్లకే సలాం చేయాలి. శిబిరం కమాండరుకు మాత్రం అతని ర్యాంకు ఏదైనా చేయాల్సిందే. జనరల్ వెళ్లి మేజర్‌కు సలాం కొట్టాలన్నమాట.

పట్టుబడిన తొలి గంటల్లో జరిగే తనిఖీలోనే చాలా తప్పులు దొర్లుతాయి. ఆయుధాలు, సైనిక పత్రాలు తీసుకోవచ్చు. సద్దాం దగ్గర దొరికిన పిస్తోలు తర్వాత అధ్యక్షుడు బుష్‌కు చేరింది, దానికి 18వ అధికరణ అడ్డు రాదు. బట్టలు, భోజనానికి వాడే వస్తువులు, ర్యాంకు గుర్తులు, పతకాలు, మనసుకు దగ్గరైన వస్తువులు ముట్టుకోకూడదు. డబ్బు తీసుకోవాలంటే అధికారి ఆదేశం ఉండాలి. ఎంత తీశారో రిజిస్టరులో ఎక్కించి, తీసుకున్నవాడి పేరు, ర్యాంకు, యూనిట్ చదవగలిగేలా రాసిన రసీదు చేతికివ్వాలి. పెద్దవాళ్లు చిక్కినప్పుడు చుట్టూ ఉన్న సిపాయిలు జ్ఞాపకంగా బొత్తామో బెల్టో జేబులో వేసుకుంటారు. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ దోపిడీ ఆరోపణ వచ్చేది అక్కడి నుంచే.

ఇంటరాగేషన్ గురించి ఒక అపోహ ఉంది. ఖైదీని నాలుగు ప్రశ్నలకు మించి అడగకూడదని చాలామంది రాస్తుంటారు. అది తప్పు. ఏదైనా అడగవచ్చు, ఎన్నిసార్లయినా అడగవచ్చు, అతనికి అర్థమయ్యే భాషలో అడగాలి. అతను చెప్పి తీరాల్సినవి మాత్రం పేరు, ర్యాంకు, పుట్టిన తేదీ, సైనిక నంబరు, ఇవే. అవీ చెప్పకపోతే తన ర్యాంకుకు రావాల్సిన సౌకర్యాలు తగ్గవచ్చు, అంతకుమించి ఏమీ చేయడానికి లేదు. మిగతా వాటికి నోరు విప్పలేదని కొట్టడం, బెదిరించడం, అవమానించడం, నిద్ర లేకుండా చేయడం, అన్నీ నిషిద్ధం.

పేరున్న ఖైదీ దగ్గర ఈ గీత దాటితే ఏమవుతుందో చెప్పడానికి 2001 సెప్టెంబరు 11 దాడుల సూత్రధారి అంటున్న ఖాలిద్ షేక్ మహమ్మద్ కేసును మించినది లేదు. 2003 మార్చి 1న రావల్పిండిలో పట్టుకున్నారు. అదే నెలలో సీఐఏ అతని మీద 183 సార్లు నీళ్లతో ఊపిరాడకుండా చేసే పద్ధతి వాడింది. 2006 సెప్టెంబరులో గ్వాంటనామోకు తెచ్చేదాకా రహస్య స్థావరాల్లో ఉంచింది. తర్వాత ఏమైంది? ఆ మాటలు కోర్టులో పనికిరావని ప్రాసిక్యూషన్‌కే తెలుసు కనుక, ఎఫ్‌బీఐ నుంచి వేరే బృందాన్ని పంపి వాంగ్మూలాలు మళ్లీ తీసుకున్నారు. ముందు జరిగిన హింస తాలూకు భయం వాటిలోనూ ఉందా లేదా అన్న వాదనలోనే ఏళ్లకేళ్లు గడిచాయి. 2024 జులైలో కుదిరిన నేరాంగీకార ఒప్పందాన్ని రెండు రోజుల్లోనే అమెరికా రక్షణమంత్రి వెనక్కి తీసుకున్నారు. దాదాపు 3 వేల మంది చనిపోయిన సంఘటనకు సూత్రధారి అంటున్న మనిషిని పట్టుకుని రెండు దశాబ్దాలు దాటినా తీర్పు రాలేదు. హింస వల్ల ఖైదీకి జరిగిన అన్యాయం సరే, చనిపోయినవాళ్ల కుటుంబాలకు దక్కాల్సిన విచారణ కూడా దానివల్లే పోయింది. ఈ రెండో నష్టం గురించి మన చర్చల్లో ఎవరూ మాట్లాడరు.

ఇప్పుడు పాత్రికేయ మిత్రులకు సంబంధించిన సంగతి. ఖైదీలను అవమానాల నుంచి, జనం కుతూహలం నుంచి కాపాడాలని 13వ అధికరణ అంటుంది. గడ్డం మాసిన సద్దాం నోట్లో డాక్టరు టార్చి వేసి చూస్తున్న వీడియో మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. ఆయన దొరికాడని ఇరాకీలు నమ్మాలంటే చూపించక తప్పలేదన్నది అమెరికా సమర్థన. మొహం చూపించడానికి ఆ సమర్థన కొంతవరకు నిలుస్తుంది. పళ్లు చూపించడానికి నిలవదు. 2005 మేలో లోదుస్తుల్లో ఉన్న ఆయన ఫొటోలు లండన్, న్యూయార్క్ పత్రికల్లో మొదటి పేజీకెక్కాయి. దానికైతే ఏ సమర్థనా లేదు.

2019 ఫిబ్రవరి 27న మన వింగ్ కమాండర్ అభినందన్ వర్ధమాన్ పాకిస్తాన్‌లో చిక్కినప్పుడు మొదట వచ్చినవి గుంపు దాడి, కళ్లకు గంతలు, మొహం మీద రక్తం ఉన్న దృశ్యాలు. తర్వాత టీ తాగుతున్న వీడియో. మర్యాదగా చూశారని దాన్ని మెచ్చుకున్నవాళ్లు ఉన్నారు. టీ ఇవ్వడం మంచిదే. ఆ టీని చిత్రీకరించి పంచడం మాత్రం 13వ అధికరణకు విరుద్ధమే. మంచిగా చూపించినా, చెడ్డగా చూపించినా, ఖైదీ ఇష్టం లేకుండా అతన్ని ప్రచారానికి వాడుకోవడమే అక్కడ తప్పు. మార్చి 1న విడిచిపెట్టే ముందు అతుకులతో నిండిన మరో వీడియో కూడా ప్రసారం చేశారు. ఇక మనవైపు జరిగింది చూడండి. ఆయన్ని నీ ఊరేది, ఏ విమానం, ఏ పని మీద వచ్చావు అని అడిగితే, చెప్పాల్సిన బాధ్యత నాకు లేదంటూ మర్యాదగా తప్పించుకుంటున్నాడు. అదే సమయంలో మన చానళ్లు, సోషల్ మీడియా ఆయన తండ్రి ఎవరు, వైమానిక దళంలో ఏ హోదాలో పనిచేశారు, కుటుంబం ఎక్కడుంటుంది అన్నీ వరసపెట్టి చెప్పేశాయి. ఖైదీ దాచినవన్నీ స్వదేశపు మీడియాయే ప్రశ్నించేవాడి చేతిలో పెట్టింది.

కాబట్టి న్యూస్‌రూములో పాటించాల్సింది ఇది. ఖైదీని గుర్తుపట్టే వీలున్న దృశ్యం వేయకూడదు, వేయాలంటే మొహం మసక చేయాలి, యూనిఫాం మీద పేరుపట్టీ కూడా. ప్రశ్నిస్తున్నప్పటి దృశ్యం, ఆడియో అసలు వాడకూడదు. రెడ్‌క్రాస్ అంతర్జాతీయ కమిటీ 2020లో తెచ్చిన కొత్త వ్యాఖ్యానం ఒక మినహాయింపును ఒప్పుకుంటుంది. గట్టి ప్రజాప్రయోజనం ఉన్నప్పుడు, ఉదాహరణకు తీవ్రమైన నేరం బయటపెట్టడానికి, ఖైదీ గౌరవం చెడకుండా చూపించవచ్చు. పై స్థాయి మనుషుల విషయంలో ఈ మినహాయింపును సాగదీయాలని ఎప్పుడూ ఒత్తిడి ఉంటుంది. సాగదీయకండి.

చూపించడం ఒక తప్పయితే దాచడం దానికి రెండోవైపు. శిబిరానికి చేరిన వారంలోపు ఖైదీని రెండు కార్డులు నింపనివ్వాలి. ఒకటి ఇంటికి, ఒకటి జెనీవాలోని యుద్ధఖైదీల కేంద్ర ఏజెన్సీకి పోతుంది. నెలకు కనీసం రెండు ఉత్తరాలు, నాలుగు కార్డులు రాసుకోనివ్వాలి. కొరియా యుద్ధంలో అమెరికా మేజర్ జనరల్ విలియం డీన్ 1950 ఆగస్టులో చిక్కాడు. ఉత్తర కొరియా ఎవరికీ చెప్పలేదు. చనిపోయాడనుకుని స్వదేశం అత్యున్నత శౌర్యపతకం కూడా ప్రకటించేసింది. 1951 డిసెంబరులో ఒక ఆస్ట్రేలియా పాత్రికేయుడు ఆయన్ని ఇంటర్వ్యూ చేస్తే గానీ బతికున్నాడని ఇంట్లోవాళ్లకు తెలియలేదు. పెద్ద ఖైదీని దాచడంలో ఉన్న ప్రమాదం ఇదే. లెక్కలో లేని మనిషికి ఏం జరిగినా జవాబుదారీ ఉండదు.

రెడ్‌క్రాస్ పరిశీలకులు వచ్చినప్పుడు అన్ని చోట్లకూ వెళ్లనివ్వాలి, ఖైదీతో సాక్షులు లేకుండా ఒంటరిగా మాట్లాడనివ్వాలి, మళ్లీ మళ్లీ రానివ్వాలి. వాళ్లు చూసింది ఆ ప్రభుత్వానికే రహస్యంగా చెబుతారు. బయటపెట్టరేమని చాలామందికి కోపం. బయటపెడితే రెండోసారి గేటు తెరుచుకోదు, అందుకని. సద్దాంను వాళ్లు తొలిసారి చూసింది 2004 ఫిబ్రవరిలో, పట్టుబడిన రెండు నెలలకు పైనే.

ఏకాంత నిర్బంధం గురించి ఒక్క మాట. ప్రముఖుల్ని విడిగా ఉంచడానికి నిజమైన కారణాలు ఉంటాయి. తోటి ఖైదీలే చంపవచ్చు, తనను తానే చంపుకోవచ్చు. నాజీ నాయకుడు గోరింగ్ 1946 అక్టోబరు 15న, ఉరికి కొద్ది గంటల ముందు, అంత కాపలా మధ్య సైనైడ్ మింగాడు. విడి గది వేరు, మనిషి ముఖం కనపడని గది వేరు. రోజుకు 22 గంటలు గానీ అంతకు మించి గానీ మనిషి సంపర్కం లేకుండా వరసగా 15 రోజులు దాటి ఉంచడాన్ని ఐక్యరాజ్యసమితి 2015 మండేలా నియమాలు నిషేధించాయి. విడిగా ఉంచక తప్పకపోతే కారణం రాసిపెట్టాలి, రోజూ ఎవరో ఒకరు మాట్లాడేలా చూడాలి, డాక్టరు చూడాలి. నెలకోసారి బరువు తూచి వైద్యపరీక్ష చేయడం యుద్ధఖైదీలందరికీ ఎలాగూ తప్పనిసరే.

ఇక కోర్టు. ఈ విషయంలో 1949 ఒప్పందం ఎందుకంత గట్టిగా రాశారో అర్థం కావాలంటే జపాన్ జనరల్ యమషిత కేసు తెలియాలి. 1945 సెప్టెంబరు 3న ఫిలిప్పీన్స్‌లో లొంగిపోయాడు. అక్టోబరు 29న విచారణ మొదలు. 64 ఆరోపణలు ఉండగా, విచారణ ముంగిట మరో 59 చేర్చారు. సిద్ధం కావడానికి వ్యవధి కావాలన్న లాయర్ల మాట వినలేదు. వినికిడి సాక్ష్యాన్ని కూడా ఒప్పుకున్నారు. డిసెంబరు 7న మరణశిక్ష. అమెరికా సుప్రీంకోర్టుకు వెళ్తే 1946 ఫిబ్రవరి 4న మెజారిటీ జడ్జీలు ఏమన్నారంటే, యుద్ధఖైదీని మీ సొంత సైనికుల్ని విచారించే కోర్టులోనే, అదే పద్ధతిలో విచారించాలన్న 1929 ఒప్పందపు నియమం ఖైదీగా ఉండగా చేసిన నేరాలకే వర్తిస్తుంది, పట్టుబడక ముందు చేసినవాటికి కాదు. జస్టిస్ మర్ఫీ, జస్టిస్ రట్లెడ్జ్ తీవ్రంగా విభేదించారు. ఫిబ్రవరి 23న ఉరి తీశారు. మనీలాలో జరిగిన ఘోరాలు నిజం, వేలమంది పౌరులు చనిపోయారు. కానీ ఆ విచారణ అతని బాధ్యతను తేల్చిందా, తొందరను తీర్చిందా అంటే, రెండోదే అంటాను.

మూడేళ్ల తర్వాత జెనీవాలో ఆ కన్నాన్ని పూడ్చారు. పట్టుబడక ముందు చేసిన నేరాలకు విచారించినా ఒప్పందం వర్తిస్తుందని 85లో, సొంత సైనికులకున్న కోర్టు, పద్ధతి ఖైదీకీ ఉంటేనే తీర్పు చెల్లుతుందని 102లో రాశారు. గడువులు కూడా పెట్టారు. విచారణకు కనీసం మూడు వారాల ముందు, ఖైదీ ప్రయోజనాలు చూసే తటస్థ దేశానికి నోటీసు. లాయరుకు కనీసం రెండు వారాల సమయం. విచారణ ముందు నిర్బంధం మూడు నెలలకు మించకూడదు. మరణశిక్ష పడితే ఆ తటస్థ దేశానికి తెలియజేసిన ఆరు నెలల దాకా అమలు చేయకూడదు. ఆ ఆరు నెలలు ఎందుకంటే, కోపం చల్లారడానికి, దౌత్యం నడవడానికి. న్యాయమైన విచారణ లేకుండా చేయడం కూడా ఒప్పందం దృష్టిలో చంపడం, చిత్రహింసల సరసన నిలిచే తీవ్ర ఉల్లంఘనే.

సద్దాం విషయంలో అమెరికా 2004 జూన్ 30న చట్టపరమైన అధీనాన్ని ఇరాక్‌కు అప్పగించింది, మనిషి మాత్రం అమెరికా కాపలాలోనే ఉన్నాడు. దుజైల్‌లో 148 మందిని చంపించిన కేసు విచారణ 2005 అక్టోబరులో మొదలైంది. ఆ కేసులో పనిచేస్తున్న ముగ్గురు డిఫెన్స్ లాయర్లు హత్యకు గురయ్యారు. మొదటి ప్రధాన జడ్జి ప్రభుత్వ ఒత్తిడి భరించలేక తప్పుకున్నారు. 2006 నవంబరు 5న తీర్పు, డిసెంబరు 26న అప్పీలు కొట్టివేత, 30న ఉరి. చివరికి ఉరికంబం దగ్గర ఎగతాళి కేకలు, ఎవరిదో మొబైల్లో వీడియో. అప్పీలు తేలిన నాలుగు రోజుల్లో ఉరి తీయడంతో, అంతకన్నా ఎన్నో రెట్లు పెద్దదైన కుర్దుల ఊచకోత కేసు ప్రధాన ముద్దాయి లేకుండా మిగిలిపోయింది. బాధితులు వినాల్సిన జవాబులు ఆయనతోనే పోయాయి.

ముద్రలు వేసి హోదా ఎగ్గొట్టడం ఇంకో పద్ధతి. ఉత్తర వియత్నాం 85వ అధికరణ మీద తను పెట్టుకున్న అభ్యంతరాన్ని చూపించి, అమెరికా పైలట్లంతా యుద్ధనేరస్తులే, యుద్ధఖైదీలు కారంది. ఒక్కరికీ విచారణ జరిపి నేరం రుజువు చేయలేదు. 2022 జూన్‌లో తూర్పు ఉక్రెయిన్‌లోని దోనెత్స్క్‌లో రష్యా అనుకూల యంత్రాంగం బ్రిటన్ పౌరులు ఏడెన్ ఆస్లిన్, షాన్ పిన్నర్‌లకు కిరాయి సైనికులన్న పేరుతో మరణశిక్ష వేసింది. ఇద్దరూ ఉక్రెయిన్ సైన్యంలో కాంట్రాక్టు మీద చేరినవాళ్లు. సైన్యంలో సభ్యుడైనవాడు కిరాయి సైనికుడి నిర్వచనంలోకి రాడు. సెప్టెంబరు 21 నాటి మార్పిడిలో ఇద్దరూ బయటపడ్డారు. అదే మార్పిడిలో 215 మందికి బదులు రష్యా తీసుకున్నది 55 మంది సైనికులతో పాటు విక్టర్ మెద్వెద్‌చుక్ అనే రాజకీయ నాయకుడిని. పేరుకు ఉండే మారకపు విలువ అక్కడ తెలుస్తుంది.

ఇక మన ఇంటి సంగతి. 1971 డిసెంబరు 16న ఢాకాలో లొంగిపోయిన లెఫ్టినెంట్ జనరల్ నియాజీని జబల్‌పూర్‌లో ఉంచారు. పౌరులతో కలిపి దాదాపు 93 వేల మంది మన అధీనంలోకి వచ్చారు. చూసుకున్న తీరులో మన రికార్డు మంచిదే. తిరిగి పంపడంలో మాత్రం 118వ అధికరణ పోరు ఆగాక జాప్యం లేకుండా అంటుంది, నియాజీ వాఘా దాటింది 1974 ఏప్రిల్‌లో. లొంగుబాటు మనతో పాటు బంగ్లాదేశ్‌కు కూడా జరిగింది, వాళ్ల ఒప్పుకోలు లేకుండా పంపలేమన్నది మన వాదన. 195 మందిని బంగ్లాదేశ్ యుద్ధనేరాలకు విచారిస్తానంటే పాకిస్తాన్ 1973 మేలో అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లింది, డిసెంబరులో కేసు ఉపసంహరించుకుంది. 1974 ఏప్రిల్ 9 నాటి త్రైపాక్షిక ఒప్పందంతో ఆ 195 మందీ విచారణ లేకుండానే వెళ్లిపోయారు. నేరారోపణ ఉన్నవాళ్లను ఆపడానికి 119వ అధికరణలో చోటుంది, మిగతా వేలమందిని రెండేళ్లు ఆపడానికి లేదు. మన దేశం కదా అని ఈ వాదనకు ఎక్కువ మార్కులు వేయలేను.

మన 1960 జెనీవా ఒప్పందాల చట్టం గురించి న్యాయవిద్యార్థులు ఒక లోపం గుర్తుపెట్టుకోవాలి. తీవ్ర ఉల్లంఘనలకు శిక్షలు ఉన్నాయి గానీ, ప్రభుత్వం ఫిర్యాదు చేస్తే తప్ప కోర్టు కేసు స్వీకరించదు. గోవాకు చెందిన మోంతేరో కేసులో సుప్రీంకోర్టు 1969లో, ఈ చట్టం వ్యక్తికి నేరుగా కోర్టుకెళ్లే హక్కు ఇవ్వదని చెప్పేసింది. రాజ్యాంగం 22వ అధికరణలో అరెస్టయినవాళ్లకిచ్చిన రక్షణలు శత్రుదేశీయులకు లేవు. మిగిలేది 21వ అధికరణ, అది పౌరుడు కానివాడికీ ఉంది. మన నేల మీద నిర్బంధంలో ఉన్నవాడి తరఫున లాయరు రిట్ వేస్తే దాని మీదే నిలబడాలి.

ప్రశ్నలు రెండు వచ్చాయి.

ఒకటి: పేరున్న ఖైదీని ముందుగా విడిచిపెడతామంటే ఏం చేయాలి? 1965లో జనరల్ కరియప్ప కొడుకు, ఫ్లయిట్ లెఫ్టినెంట్ కె.సి. కరియప్ప పాకిస్తాన్‌లో చిక్కితే, ఒకప్పుడు తన కింద పనిచేసిన అయూబ్‌ఖాన్ విడిచిపెడతానన్నా తండ్రి ఒప్పుకోలేదు, అక్కడున్న ఖైదీలందరూ తన కొడుకులేనన్నారు. వియత్నాంలో జాన్ మెకెయిన్ కూడా తండ్రి అడ్మిరల్ కనుక 1968లో దక్కిన అవకాశాన్ని కాదని 1973 దాకా ఉండిపోయాడు. ఇవి వాళ్ల సొంత నిర్ణయాలు. గాయపడ్డవాళ్లను, జబ్బుపడ్డవాళ్లను ముందు పంపాలన్నది చట్టం, ప్రముఖులను ముందు పంపమని ఎక్కడా లేదు. అయితే 1999లో కార్గిల్ అప్పుడు మన ఫ్లయిట్ లెఫ్టినెంట్ కంభంపాటి నచికేతను ఎనిమిది రోజుల్లో రెడ్‌క్రాస్ ద్వారా పంపినట్టు, ఎవరినైనా ఎప్పుడైనా బేషరతుగా పంపవచ్చు, దానికి అడ్డు లేదు.

రెండోది: కుటుంబం ఏం చేయాలి? మొదట సంబంధిత దళానికి, తర్వాత ఇండియన్ రెడ్‌క్రాస్ సొసైటీకి గానీ ఢిల్లీలోని రెడ్‌క్రాస్ అంతర్జాతీయ కమిటీ కార్యాలయానికి గానీ రాయాలి. పూర్తి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, సైనిక నంబరు, చివరిసారి కబురు అందిన తేదీ, చోటు, ఇవి చాలు. రోజూ వేసుకునే మందులు ఉంటే అవీ రాయాలి. రెడ్‌క్రాస్‌వాళ్లు విడుదల కోసం బేరం చేయరు, లాయరును పెట్టరు. మనిషిని వెతికి, చూసి, ఉత్తరం తెచ్చి ఇస్తారు. ఇంటిల్లిపాది ఫొటోలు, ఫేస్‌బుక్ ఖాతాలు అదే గంటలో మూసేయాలి. చానల్‌వాళ్లు గుమ్మం ముందుకొస్తే దళం తరఫు అధికారి మాట్లాడతారని చెప్పి తలుపు వేసుకోవాలి.